బయాజ్ తాళం ఎవరి దగ్గర?

బయాజ్ అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో పెద్దగా వినబడదు. అరబ్బీలో దాని అసలు అర్థం తెల్లదనం. ఖాళీ తెల్ల కాగితాలు కుట్టిన చేతిపుస్తకాన్ని ఫార్సీ, ఉర్దూ వాళ్లు బయాజ్ అన్నారు. అది మన బడిపుస్తకంలా పక్కకు తెరుచుకునేది కాదు. పొడుగ్గా, సన్నగా ఉండేది. పొట్టి అంచున కుట్టేవారు కాబట్టి పేజీని కింది నుంచి పైకి ఎత్తి తిప్పాలి. నచ్చిన షేర్లు, హకీమ్ చెప్పిన నుస్ఖాలు, ఎవరికెంత ఖర్జ్ ఇచ్చామన్న లెక్క, పుట్టిన పిల్లల పేర్లు, ఇంతఖాల్ అయిన పెద్దల తారీఖులు, అన్నీ అందులోనే. ఖర్జ్ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకొమ్మని చెప్పే ఆయత్ ఖురాన్‌లోని ఆయత్‌లన్నిటిలోకి పొడవైనది. కాబట్టి రాసి పెట్టుకోవడం మనకు కొత్త అలవాటేమీ కాదు.

బయాజ్‌కు ఒక లక్షణముంది. రాసినవాడిదే పుస్తకం. తాఖ్‌లో పెట్టినా, సందూఖ్‌లో దాచినా తాళం ఇంట్లోనే ఉంటుంది. దీనికి ఎదురుగా నిలబడేది దఫ్తర్. దఫ్తర్‌లో మన గురించి రాస్తారు. రాసేది మనం కాదు, పుస్తకమూ మనది కాదు. మన దక్కన్ చరిత్రను, సింగరేణి చరిత్రను, చివరికి చేతిలోని ఫోను చరిత్రను కూడా ఈ రెండింటి మధ్య ఖీంచాతానీగా చదవొచ్చు.

ముందు దఫ్తర్ సంగతి. షాజహాన్, ఔరంగజేబుల కాలంలో దక్కన్ పాలనకు సంబంధించిన ఫార్సీ కాగితాలు ఇప్పటికీ హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో ‘అర్జ్-ఓ-చెహ్రా’ అనే రకం కాగితాలున్నాయి. సిపాయి పేరు, తండ్రి పేరు, ముఖం తీరు, గుర్రం తీరు అన్నీ వర్ణించి రాసేవారు. ఒకడి జీతం ఇంకొకడు ఎత్తుకుపోకుండా సర్కారు చేసుకున్న బందోబస్తు అది. ఇవాళ మనం ఆధార్ కోసం వేలు పెట్టి, కళ్లు చూపించే పనికి ముత్తాత అన్నమాట.

1884లో హైదరాబాద్ రాజ్యంలో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. భాష మారింది గానీ దఫ్తర్ మారలేదు. దస్తావేజు, ఖాతా, పహాణీ, దాఖలా, నకలు, అసలు, హాజరు, జమా, వసూలు, బాకీ: తెలుగు రైతు నోట్లో ఈ మాటలు తెలుగు మాటలైపోయింది ఈ దఫ్తర్ల వల్లే. తెలంగాణలో భూమి తగాదా వస్తే ఇప్పటికీ 1954-55 ఖాస్రా పహాణీ తియ్యమంటారు. తారీఖుల్లోనూ మూడు లెక్కలు నడిచేవి. మసీదులో హిజ్రీ, రెవెన్యూ కచేరీలో ఫస్లీ, రైల్వే స్టేషన్లో ఈస్వీ. జాగీర్ల రద్దు చట్టం 1949 ఆగస్టులో వచ్చినా దాని పేరులో ఉన్నది 1358 ఫస్లీ. ‘రజబ్ నెలలో పుట్టాడు’ అని దాదీ చెప్పిన పిల్లవాడి వయసును దఫ్తర్ తన లెక్కలో వేసుకునేది. అది సరిగ్గా పడిందా లేదా అని చూసుకోవాలన్నా, నకలు కావాలన్నా అర్జీ పెట్టుకోవాలి. తన గురించి రాసిందే అయినా అడిగి తెచ్చుకోవాలి.

ఇక బొగ్గుబాయిల సంగతి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం సర్కారు అందులో మెజారిటీ వాటాలు కొనేసింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. గోదావరి ఒడ్డున రామగుండం పక్క గనులు మొదలైంది 1960 ప్రాంతంలో. అడవి పక్క పల్లెల దగ్గర గోదావరిఖని అనే బస్తీ లేచింది. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ ఊళ్ల నుంచి, ఇంకా దూరం నుంచి జనం తట్టాచెమ్మస్ పట్టుకోవడానికి వచ్చారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

బాయిలో దిగే ప్రతి మనిషీ ముందు రిజిస్టర్‌లో దిగాలి. మైన్స్ రూల్స్ 1955 ప్రకారం ప్రతి గనిలో ఫారం-బి అనే రిజిస్టర్ ఉండేది. అందులో కార్మికుడి పేరు, తండ్రి పేరు, వయసు, సొంతూరు, సంతకం లేదా వేలిముద్ర. చదువు రాని మనిషి నోటితో చెప్తే క్లర్కు విన్నట్టు రాసేవాడు. ఆ ఒక్క నిమిషంలో కాగితం మీద పడిన అక్షరాలే ముప్పై నలభై ఏళ్ల తర్వాత రిటైర్మెంట్ ఎప్పుడో, పింఛను ఎవరికో తేల్చాయి. బొగ్గు పరిశ్రమలో పుట్టిన తేదీ మీద కోర్టుకెక్కిన కేసుల్లో ఫారం-బి పేరు పదేపదే కనబడేది అందుకే.

సింగరేణిలో దశాబ్దాలుగా నలుగుతున్న మారుపేర్ల మసలా అందరికీ తెలిసిందే. కొలువు దొరికితే చాలనుకున్న రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు చేరారు. ఊళ్లో ఒక పేరు, గనిలో ఇంకో పేరు. కార్మికుడి కొలువు కొడుకుకు రావాల్సిన రోజున రెండు పేర్లూ ఒక మనిషివేనని రుజువు చెయ్యలేక కుటుంబాలు తిరుగుతూనే ఉన్నాయి.

మారుపేరు పెట్టుకోకపోయినా మన ఇళ్లలో పేరు దానంతటదే మారిపోతుంది. ఉర్దూలో ఒకటే రాత. తెలుగులోకి వచ్చేసరికి మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్, ఎండీ. షేక్ ఒకచోట షైక్. ఖ్వాజా ఒకచోట ఖాజా. రేషన్ కార్డులో ‘బీ’ అయిన అమ్మీ ఆధార్‌లో బేగం, ఓటరు లిస్టులో సుల్తానా. సీఎంపీఎఫ్ కాగితాల్లో నామినీ పేరు వేరే, బ్యాంకు పాస్‌బుక్కులో పేరు వేరే. ఇది ఎవరి తప్పు అన్నది తర్వాత. ఏ కాగితంలో ఏ స్పెల్లింగ్ పడింది, ఏ తారీఖున ఏ అర్జీ ఇచ్చాం, దానికి ఏ నంబరు రసీదు ఇచ్చారు అన్నది ఇంట్లో ఒకచోట రాసి ఉంటే సగం తిరుగుడు తప్పుతుంది. ఆ పుస్తకం కోర్టులో సబూత్ కాదు. కానీ సబూత్ ఎక్కడుందో చెప్పేది అదే. దఫ్తర్ ముందు నిలబడడానికి మనకు ఒక బయాజ్ కావాలి.

ఇప్పుడు బయాజ్ ఎక్కడుంది? ఫోన్లో. పిల్లల టీకాల తారీఖులు, కమిటీ చిట్టీ లెక్కలు, దవాఖానా చీటీల ఫొటోలు, కబ్రస్తాన్ చందా, అన్నీ ఏదో ఒక నోట్స్ యాప్‌లో ఉంటున్నాయి. చేతిలో ఉంది కాబట్టి మనదే అనుకుంటాం. నిజానికి ఆ రాత చాలాసార్లు ఒక కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. మనకు కనబడేది కిటికీ మాత్రమే. తాళం కంపెనీ దగ్గర.

ఆ తాళం తిప్పితే ఏమవుతుందో చరిత్రే చెప్పింది. జియోసిటీస్‌లో లక్షలాది మంది కట్టుకున్న సొంత పేజీలను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. గూగుల్ నోట్‌బుక్ 2006లో వచ్చి 2012లో పోయింది. మనవాళ్లు ఎంతో ముచ్చటపడ్డ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. నోట్స్ యాప్‌లలో పేరుమోసిన ఎవర్‌నోట్ చేతులు మారి, 2023 డిసెంబరు నుంచి ఉచితంగా వాడేవాళ్లకు 50 నోట్లు, ఒక నోట్‌బుక్ అని హద్దు గీసింది. ఇందులో దొంగతనం లేదు. కిరాయిదారుకు నోటీసు ఇచ్చినట్టే ఇచ్చారు. మనం కిరాయికి ఉంటున్నామని మనకు తెలియకపోవడమే అసలు సంగతి.

క్లౌడ్ అంటే మబ్బు అని అర్థం. కానీ అది ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద షెడ్లలో రాత్రింబవళ్లు నడిచే కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, వాటికి ఆగని కరెంటు. 2022 నవంబరులో అమెజాన్ తన డేటా సెంటర్ల రీజియన్ ఒకటి హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. మన రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో నడిచింది, ఇప్పుడు బొగ్గుతో 2600 మెగావాట్లు. 2022లో రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు కూడా తేలాయి. గ్రిడ్‌లో పడిన కరెంటుకు ఊరి పేరుండదు గానీ, ఆ మబ్బుకు కింద మంట పెట్టేవాళ్లలో గోదావరిఖని కూడా ఉందనడంలో అతిశయోక్తి లేదు. బొగ్గు మనది, చెమట మనది. రాసుకున్న నాలుగు మాటలైనా మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

ఈ సవాల్ వేసినవాళ్లు లోకంలో ముందే ఉన్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ప్రోగ్రాం ఎలా రాశారో వాడేవాడికి కనబడాలి, మార్చుకునే హక్కు ఉండాలి అన్నది ఆయన వాదన. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ ఎవరైనా దిద్దగలిగే వెబ్ పేజీలను తయారుచేసి వికీ అన్నాడు. 2000లో రిచర్డ్ హిప్ రాసిన ఎస్‌క్యూలైట్ మొత్తం ఖాతానంతా ఒకే ఫైల్లో పెట్టేసింది. 2004లో జెరెమీ రస్టన్ చేసిన టిడ్లీవికీ ఇంకా వింత, నోట్‌బుక్ మొత్తం ఒకే వెబ్ పేజీ. 2013లో డాకర్ వచ్చాక ప్రోగ్రామును దాని సామాన్లన్నిటితో ఒక డబ్బాలో కట్టి పంపడం సులువైంది. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. ఇన్ని చేతుల మీదుగా వచ్చింది కాబట్టే ఇవాళ ఒక మామూలు ఇంట్లో సొంత నోట్స్ సర్వర్ నడపడం అరగంట పని అయింది.

లిపి సంగతి కూడా చెప్పాలి. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికల్లో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు రెండు వైపులా తెలుసు. తెలుగు పత్రికల్లో అను ఫాంట్లు, ఉర్దూ పత్రికల్లో ఇన్‌పేజ్. ఆ ఫాంటు లేదా ఆ ప్రోగ్రాం లేని కంప్యూటర్‌లో తెరిస్తే రాసింది మన భాషలా కనబడదు. అక్షరాలున్నాయి, చదవడానికి లేదు. తాళం కంపెనీ దగ్గరే ఉండక్కర్లేదు, ఫాంటులో కూడా ఉండొచ్చన్నమాట. యూనికోడ్ ఆ తాళం తీసేసింది. ఇప్పుడు తెలుగు, ఉర్దూ ఒకే నోటులో రాసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త: ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి నడుస్తాయి కాబట్టి రెండింటినీ ఒకే లైనులో కలపకుండా వేర్వేరు లైన్లలో రాస్తే గజిబిజి ఉండదు.

ఇక ఇంట్లో పెట్టడం ఎలా? కొత్తది కొననక్కర్లేదు. పిల్లలు వాడి పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు. దాని బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీ అయితే మాత్రం వెంటనే తీసెయ్యాలి. అందులో డెబియన్ లైనక్స్ ఎక్కించాలి. మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. తర్వాత డాకర్. దాని మీద మెమోస్ అనే నోట్స్ ప్రోగ్రాం. ఇది ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. రాసినవన్నీ ఎస్‌క్యూలైట్ ఫైల్లో ఉంచుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెట్టు ఉంది. డాకర్ డబ్బా లోపల రాసింది బయట ల్యాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌లో పడేలా మొదలుపెట్టేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే ఎప్పుడో డబ్బా తీసేసి కొత్తది పెట్టిన రోజు నోట్లు కూడా దాంతోపాటే పోతాయి. రౌటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కు మారని అడ్రస్ ఇవ్వాలి. ఆ అడ్రస్, దాని పక్కన 5230 అనే పోర్టు నంబరు ఫోను బ్రౌజర్‌లో కొడితే మెమోస్ తెరుచుకుంటుంది. మొదట ఖాతా తెరిచినవాడే దానికి మాలిక్. ఇంట్లోవాళ్ల ఖాతాలన్నీ తెరిచాక కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసే సెట్టింగ్ నొక్కాలి. తలుపు బార్లా తెరిచి పడుకోం కదా.

ఇది ఇంటి వైఫై లోపల. జిద్దా నుంచో దుబాయ్ నుంచో కొడుకు చూడాలంటే? ఇప్పుడు చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తున్నారు కాబట్టి బయటి నుంచి నేరుగా మన ఇంటికి రాలేరు. వచ్చే వీలున్నా పోర్టును లోకానికి తెరవడం మంచిది కాదు. వైర్‌గార్డ్ లాంటి సొరంగం వాడాలి. దాని మీదే కట్టిన టెయిల్‌స్కేల్ అయితే సులువు. అందులో దారి చూపే పని ఒక కంపెనీది, రాత మాత్రం మన యంత్రాల మధ్యే తాళం పడి నడుస్తుంది. నెల కిరాయికి బయట సర్వర్ తీసుకుని అక్కడ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అదీ మంచిదే, కానీ అది కిరాయి గదిలో సొంత బీరువా లాంటిది. రెండింటి తేడా తెలిసి ఎంచుకోవాలి.

ఖర్చు లెక్క చూద్దాం. ఇలాంటి ల్యాప్‌టాప్ 15 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ, నెలకు సుమారు 11 యూనిట్లు. థర్మల్ స్టేషన్లో ఒక యూనిట్‌కు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది. అంటే మన బయాజ్ నెలకు ఏడెనిమిది కిలోల బొగ్గు తింటుంది. దాని విలువ ఈ బెల్టులో ఒకరు చెప్పక్కర్లేదు.

సొంతంగా పెట్టుకున్నాం కాబట్టి హిఫాజత్ జిమ్మేదారీ కూడా మనదే. దీనికి కంప్యూటర్ పుస్తకం కన్నా గని పాఠం మేలు. 1862 జనవరి 16న ఇంగ్లండ్‌లో హార్ట్‌లీ అనే బొగ్గు గనిలో పంపింగ్ ఇంజను దూలం విరిగి బావిలో పడింది. ఆ గనికి ఉన్నది ఒకటే బావి. దారి మూసుకుపోయి 204 మంది పెద్దలు, పిల్లలు లోపలే చనిపోయారు. అదే ఏడాది అక్కడ ప్రతి గనికీ రెండు దారులుండాలని చట్టం చేశారు. ఇవాళ మన దేశంలో కూడా భూగర్భ గనికి పైకి వచ్చే దారులు కనీసం రెండు ఉండాలి. బాయిలో పనిచేసిన ప్రతి అబ్బాకూ తాతకూ ఈ నియమం తెలుసు.

నోట్లకూ అదే నియమం. ల్యాప్‌టాప్‌లో ఒక్క కాపీయే ఉందంటే అది ఒకటే బావి ఉన్న గని. రెండో కాపీ పెన్‌డ్రైవ్‌లో సందూఖ్‌లో ఉండాలి. మూడోది ఊరు దాటి, కరీంనగర్‌లో చెల్లెలి ఇంట్లోనో ఇంకెక్కడో, పాస్‌వర్డుతో తాళం వేసి ఉండాలి. కాపీ తీసేటప్పుడు మెమోస్‌ను కాసేపు ఆపి తియ్యాలి. నడుస్తుండగా ఫైలు తీస్తే సగం రాత మిగిలిపోవచ్చు. కొత్త వెర్షన్‌కు మారే ముందు కాపీ తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, మూణ్ణెల్లకోసారి ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. రెండో దారి ఉందని నక్షాలో గీసుకుంటే చాలదు, అందులోంచి నడిచి పైకి రాగలగాలి.

ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డులు ఈ పుస్తకంలో రాయొద్దు. ఏ అసలు కాగితం ఏ అల్మారాలో ఉంది, దాని మీద పేరు ఏ అక్షరాలతో ఉంది, ఏ తారీఖు పడింది అన్నవి రాయండి. ఫొటోలు పెట్టినా అసలు కాగితాలు పారెయ్యొద్దు. తాళం ఎవరికి ఇవ్వాలో ముందే ఠహరాయించుకోండి. పాత బయాజ్‌ను పెద్దాయన పోయాక ఎవరైనా తెరవగలిగేవారు. పాస్‌వర్డు ఉన్న బయాజ్ పెద్దాయనతోపాటే మూసుకుపోతుంది. ఇంట్లో ఇద్దరికి తెలియాలి, అందులో ఒకరు ఆడపిల్ల అయితే ఇంకా మంచిది. రేషన్, ఆసుపత్రి, బడి కాగితాల కోసం ఎక్కువ తిరిగేది వాళ్లే కదా.

ప్రతి ఇల్లూ సర్వర్ పెట్టుకోవాలని నేననను. ఖాందాన్‌లో ఒకరు పెడితే పది ఇళ్లకు సరిపోతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇప్పుడు గోదావరిఖనిలో ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్లకు ఒక ఆదివారం పని చెప్పండి. ముందుగా రాయాల్సిన నోటు కూడా చెప్తాను. దాదా పేరు ఫారం-బిలో ఎలా ఉంది, ఊళ్లో ఎలా ఉంది, మీ ఆధార్‌లో తండ్రి పేరుగా ఎలా పడింది. ఆ మూడు లైన్లు ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన ఇవాళ్టి తారీఖు వెయ్యండి.